శనివారం కొలత

831వ చుట్టు, 2వ రోజు, శనివారం

ఉదయం ఏడింటికి ఊరి మురుగు పారే పెద్దగొట్టంలో దిగాం, నేనూ, నా సహాయకుడు గంగులూ. మురుగు లోతు పదకొండు అంగుళాలు. అడుగున బురద మూడు అంగుళాలు, పల్లం వీధి మలుపు దగ్గర నాలుగు. ఎలుకలను లెక్కపెట్టలేదు.

వట్టివేరు వాసన ఈ వారం మరీ ఎక్కువగా ఉంది. శుద్ధి కేంద్రంలో తాగునీటికి కలుపుతారు. ఊరంతా తాగి, తిరిగి ఇక్కడికే పంపుతుంది. మా ఊరు నడిమెట్టలో ప్రతి చుక్కా పదకొండు రోజులకు ఒక చుట్టు తిరిగి వస్తుంది: కుళాయి, మనిషి, గొట్టం, శుద్ధి, మళ్ళీ కుళాయి. ఊళ్ళో తేదీలు కూడా ఆ చుట్ల లెక్కే. పైన ఉండేవాళ్ళకు వట్టివేరంటే చల్లదనం. నాకది పెంటకు పూసిన అత్తరు. పంతొమ్మిదేళ్ళయినా ఆ వాసన తగిలితే నోట్లో ఉమ్మి చేదవుతుంది.

దిగగానే అలవాటు ప్రకారం వరద గీతకు కుంకుమ బొట్టు పెట్టబోయాం. గొట్టం ఎత్తు ఏడడుగులు. అందులో నా తలకంటే నాలుగంగుళాలు పైన, గోడ పొడవునా నల్లటి కొవ్వు చార ఉంది. ఊరు కట్టిన నాలుగో ఏట కొండవాగు గొట్టంలోకి విరుచుకుపడి ఆరుగురు పనివాళ్ళను పట్టుకుపోయిందట. అప్పటి మట్టం ఇదేనని నాకు ముందు ఈ పని చేసిన సూరన్న చెప్పాడు. ఆయన బొట్టు పెట్టేవాడు, నేనూ పెడుతున్నాను. వారం తిరిగేసరికి తడికి అది చెరిగిపోతుంది. మళ్ళీ పెడతాం.

ఈసారి చెరగలేదు. పోయిన శనివారం పెట్టిన బొట్టు అలాగే ఉంది. దానిమీద గోరు మందాన కొత్త కొవ్వు పేరుకుంది. గీకితే కింద ఎర్రగా కనిపించింది. కొవ్వు మెత్తగా, పచ్చిగా ఉంది. వేలు తుడుచుకుందామంటే గోడ తప్ప ఏమీ లేదు. గోడకూ అదే.

వరద వచ్చి ఇరవై ఒక్కేళ్ళయింది. కొవ్వు ఈ వారంది.

"ఏటలగ సూత్తన్నావు బావూ? బేగి రాసీ. ఇయాల కొలతకి నా ఇల్లు ముడిపడున్నాది" అన్నాడు గంగులు.

ఊరి ఎగువ అంచున తొమ్మిది వందల కొత్త ఇళ్ళు కడతారు. సముద్రం మింగిన ఊళ్ళ జనం తీరాన పడవల మీద బతుకుతున్నారు. ఆ ఇళ్ళు వాళ్ళకు. ఊళ్ళో అడుగు పెట్టాలంటే పేరుమీద ఒక గది ఉండాలి. గంగులు భార్య రాజులమ్మ, ఇద్దరు ఆడపిల్లలు నాలుగేళ్ళుగా పడవ మీదే ఉన్నారు. గంగులు మాత్రం పనివాడిగా లోపలికి వచ్చి పంపుల షెడ్డులో అరమీద పడుకుంటాడు. వాళ్ళకు 412వ ఇల్లు కేటాయించారు. ఆ అంకె తన టోపీ లోపల తారుతో రాసుకున్నాడు.

ఆ ఇళ్ళ మురుగును ఈ గొట్టం మోయగలదని నేను రాసి సంతకం పెట్టాలి. శుక్రవారం గడువు.

831వ చుట్టు, 3వ రోజు, ఆదివారం

లెక్కల గదికి వెళ్ళి నిన్నటి కొలత చెప్పాను. పదకొండు అంగుళాలకు పావు కలిపి పద్నాలుగు. గొట్టం ఎనభై నాలుగు అంగుళాలు.

ఎందుకు పావు కలుపుతానో రాసిపెట్టుకుంటాను, ఇదివరకెప్పుడూ రాయలేదు. ఊరు కట్టిన మొదటి ఏడాది పదిహేడు రోజులు నీళ్ళు లేవు. ఆ గుర్తుగా శనివారం మనిషికి రెండు చెంబులతోనే సరిపెట్టుకుంటారు. ఎండు శనివారం అంటారు. మనిషిని గొట్టంలో దిగనిచ్చే రోజు అదొక్కటే. అందుకని కొలత శనివారమే. "ఆ రోజు కాస్త తక్కువుంటాది, పావు కలుపు" అని సూరన్న చెప్పాడు. కలుపుతూ వచ్చాను. నేను చదివింది అయిదో తరగతి. మట్టాలు చూడటం మేస్త్రీల పక్కన నిలబడి నేర్చుకున్నాను. పావు ఎక్కడినుంచి వచ్చిందని అడగాలని తోచలేదు.

గొట్టంలో మట్టం చూడటానికి పెట్టిన యంత్రపు కళ్ళు ఆవిరికి నెల తిరక్కుండా పాడైపోయేవి. అవతలి కొసన మోటారు పగలూ రాత్రీ ఒకే వేగంతో తోడుతుంది. దాని లెక్క ఎప్పుడూ మారదు. అది తాగగలిగింది తాగుతుంది, మిగిలింది గొట్టంలో నిలుస్తుంది. ఎంత నిలుస్తుందో చెప్పేది నా కర్ర ఒక్కటే.

లెక్కల గదిలోని యంత్రం ఎప్పటిలాగే తీయగా మాట్లాడింది. "పంతొమ్మిదేళ్ళ మీ కొలతల్లో తేడా నూటికి రెండు దాటలేదు, దాలయ్యగారూ. గొట్టంలో ఆరోవంతే వాడకంలో ఉంది. తొమ్మిది వందల ఇళ్ళకు అభ్యంతరం లేదు. మంది పెరిగితే తిరిగివచ్చే నీరు కూడా పెరుగుతుంది."

ఆ చివరి మాటకు గదిలో ఉన్న గుమాస్తాలు సంతోషించారు. మంది పెరిగితే తిరిగివచ్చేదేమిటో వాళ్ళెవరూ చూడలేదు.

అది నన్ను నమ్ముతోంది. నా కొలతలను నా పాత కొలతలతో పోల్చి సరిపోయాయంటోంది.

831వ చుట్టు, 4వ రోజు, సోమవారం

బొట్టుమీది కొవ్వు మనసులోనుంచి పోలేదు. ఉదయం పావుతక్కువ ఆరింటికి పల్లం వీధికి వెళ్ళాను. శనివారం కాని రోజున ఆ వీధిలో అడుగుపెట్టడం ఇదే మొదటిసారి.

ఊరి మురుగంతా చేరేచోట, గొట్టానికి ఆనుకుని నలభై ఇళ్ళున్నాయి. మొదటి ఇల్లు పోలమ్మది. డెబ్భై దాటిన మనిషి. గుమ్మంలో కూర్చుని తోటకూర గిల్లుతోంది. కూర్చున్నది రుబ్బురోలు మీద. రోలు ఉన్నది మరుగుదొడ్డి మూతమీద.

"ఓలమ్మో, దాలయ్యేటి! ఇయాల సోమారం కాదేటి? తోవ తప్పినావా బావూ?"

మూత చూడాలన్నాను.

"సూడ్డానికేటున్నాది? ఏడు కొట్టీదాకా దీనిమీంచి నెగిసీది నేదు."

ఆరుంపావుకు రోలు కదిలింది. నేను కళ్ళతో చూశాను. మూత అంచునుంచి బూడిదరంగు నురుగు బుడగలుగా వచ్చింది, దానితోపాటు ఎవరి ఇంట్లోనో తిన్న జొన్నగింజలు. పోలమ్మ కాలి మడమతో మూతను నొక్కి, నురుగుమీదికి గోనెసంచి జరిపి, కూర గిల్లడం ఆపలేదు. వీధి పొడవునా చూశాను. ప్రతి మరుగుదొడ్డి మూతమీదా ఏదో ఒక రాయి. తిరగలి, బండ, విరిగిన మెట్టు. ఒకచోట పాత మోటారు. గాలిలో వట్టివేరు.

ఎన్నాళ్ళనుంచని అడిగాను.

"ముందల ఇటిక పెట్టీదాన్ని. ఆ మీద మిద్దెలు కట్టినాక సన్నికల్లు. పడమటి లైనులొచ్చినాక ఇదిగో, రోలు. మరింకా కడతారంట కదా. ఇంక ఏటి పెట్టాలో నువ్వే సెప్పు, సదువుకున్నోడివి."

మిద్దెలంటే రెండు వందల ఇళ్ళు. పడమటి లైన్లంటే అయిదు వందలు. రెండింటికీ సంతకం నాది.

"నాతో ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వొచ్చీది శనివారం. పెద్దోలు తనికీకొత్తారని రాళ్ళు తీసీసి, కడిగీసి, ముగ్గెట్టి ఉంచుతాం. నువ్వు మూత సూసి, బాగున్నాదని రాసుకుని ఎలిపోతావు. ఇంటికొచ్చినోడు బాగున్నాదంటే, కాదని మనవనడం మరియాదేటి?"

లోపల ఆమె కోడలు చిన్నపిల్లకు గంజి పడుతోంది. పిల్లకు పది రోజులుగా విరేచనాలట. వీధిలో పదకొండు ఇళ్ళలో అలాగే ఉందట. కాఫీ తాగమన్నారు. తాగలేదు. నేను తాగకపోవడం పోలమ్మ చూసింది.

831వ చుట్టు, 5వ రోజు, మంగళవారం

ఊరు నిద్రలేవకముందే, మేస్త్రీలు వాడే సన్నటి నీళ్ళ గొట్టంతో మట్టం చూశాను. పోలమ్మ ఇంటి మరుగుదొడ్డి మూత, గొట్టంలో వరద గీత ఒకే మట్టంలో ఉన్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు.

తర్వాత ఆరింటికి మలుపు దగ్గర గొట్టం మూత ఎత్తించాను. దిగే ప్రశ్న లేదు. ఇనుప మెట్లలో కనబడేవి పై రెండే. మిగతావన్నీ మునిగి ఉన్నాయి. ఊరు నిద్రలేచి చేసినదంతా ఒక్కసారిగా వస్తోంది. ముద్దలుగా, సుడులుగా, మీద నూనె మెరుస్తూ. నడుముకు తాడు కట్టించుకుని, వంగి కర్ర దించాను. గంగులు తాడు పట్టుకున్నాడు. అరవై ఎనిమిది అంగుళాలు. మళ్ళీ దించాను. అరవై ఎనిమిది. ముఖం మీద చిందింది. పెదవులు మూసుకునే ఉన్నా రుచి తెలిసింది.

అంటే ఆ చార వరదది కాదు. శనివారం తప్ప రోజూ ఉదయం మురుగు ఎక్కే మట్టం. పంతొమ్మిదేళ్ళుగా బొట్టు పెట్టింది దానికి.

గంగులు కర్ర మీది తడి చూశాడు. అంకె నేను చెప్పకముందే చదువుకున్నాడు.

"బావూ, ఇదెవులు సూడమన్నారు నిన్ను?"

ఎవరూ అనలేదన్నాను.

"మరి శుక్రారం దాకా ఆగనేకపోనావా? సంతకం పెట్టీసినాక సూడొచ్చు కదా. నీకు కొలతే కావాల. నాకు ఇద్దరు ఆడగుంటలు. తుపానొత్తే పడవకి కట్టీసుకుని పడుకుంటారు, ఎరికేనా?"

తెలుసన్నాను. తాడు విప్పకుండానే వెళ్ళిపోయాడు. నేనే విప్పుకున్నాను.

మూడుసార్లు స్నానం చేశాను. నీళ్ళలో వట్టివేరు. ఒళ్ళంతా మళ్ళీ అదే పూసుకున్నట్టు అనిపించి, నాలుగోసారి చెయ్యలేదు.

831వ చుట్టు, 6వ రోజు, బుధవారం

ఊరి విస్తరణ అధికారి ఇంద్రాణిగారిని కలిశాను. చెడ్డ మనిషి కాదు. పడవల జనం కోసం ఆరేళ్ళుగా తిరుగుతున్నారు. బల్లమీద ఎగువ అంచు ఇళ్ళ నమూనా ఉంది. కిటికీలు, మొక్కలు, మేడలమీద ఆరేసిన చిన్నచిన్న చీరలు కూడా పెట్టారు. గొట్టాలు లేవు.

అరవై ఎనిమిది అన్నాను. ఆవిడ కాగితం చూశారు.

"ఇది పైనుంచి కర్ర దించి తీసిన అంకె. నియమం ప్రకారం మనిషి దిగి, లోపల నిలబడి కొలవాలి. లేకపోతే ఊరి సభలో ఒక్కరు కూడా ఒప్పుకోరు."

"మామూలు రోజున దిగితే రాయడానికి మనిషి ఉండడండి."

"అయితే శనివారం దిగండి. గడువు ఒక్కరోజు పెంచుతాను. పంతొమ్మిదేళ్ళుగా మీరు పంపిన అంకెలన్నీ ఒకలా ఉండి, ఇప్పుడు మూడువేల ఆరువందల మంది గుమ్మం దాకా వచ్చాక ఇలా అంటే ఎలా, దాలయ్యగారూ? ఏ అంకె నమ్మాలి?"

ఫారం తీసి చూపించాను. తేదీ గడి ఉంది. వారం గడి లేదు. ఆవిడ శనివారం నీళ్ళు తక్కువ వాడతారు కానీ, అది లెక్కలకు సంబంధించిన సంగతని ఎప్పుడూ అనుకోలేదట. నేనూ అనుకోలేదు.

గ్లాసుతో నీళ్ళిచ్చారు. చల్లగా, తేటగా ఉన్నాయి. పదకొండు రోజుల కిందట పోలమ్మ రోలు కింద ఉన్నవి. గ్లాసు అలాగే పెట్టి లేచాను.

"శుక్రవారం ఉదయం ఆరింటికి పల్లం వీధిలో మొదటి ఇంటికి రండి" అన్నాను. ఇంకేమైనా చెప్పాలేమో.

తిరిగి వస్తూ పోలమ్మతో, ఎల్లుండి అధికారి వస్తుందని చెప్పాను. అంతే చెప్పాను.

831వ చుట్టు, 7వ రోజు, గురువారం

గంగులు నాతో కలిసి తినడం లేదు. అన్నం తెచ్చుకుని మోటారు వెనక కూర్చుని తింటున్నాడు.

పాత పుస్తకాలు తీశాను. పంతొమ్మిదేళ్ళు, తొమ్మిదివందల ఎనభై ఎనిమిది కొలతలు. ప్రతి దాని పక్కనా 'శని' అని రాశాను. మూడు గంటలు పట్టింది. అక్షరాలు గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. ఏ పుటలోనూ పన్నెండు అంగుళాలు దాటలేదు. నాలుగైదు చోట్ల అంచున 'పల్లం వీధి శుభ్రంగా ఉంది' అని రాశాను. ముగ్గు కూడా మెచ్చుకున్నాను ఒకచోట.

పుస్తకం ఆ పుట దగ్గరే తెరిచి వదిలేశాను. బయటికి వెళ్ళి వచ్చాను.

831వ చుట్టు, 8వ రోజు, శుక్రవారం

అయిదూ యాభైకి పల్లం వీధి చేరాను.

వీధంతా ముగ్గులు. మూతలమీద ఒక్క రాయి లేదు. పోలమ్మ రోలు గోడవారన కడిగి బోర్లించి ఉంది. ఉతికిన దుప్పటి పరిచిన నులకమంచం మీద ఇంద్రాణిగారు కూర్చుని ఉన్నారు. చేతిలో కాఫీ, కాళ్ళకు తెల్లటి చెప్పులు.

"ఆపీసరమ్మొత్తాదని నువ్వే సెప్పినావు కదా, నలబై ఇళ్ళకీ సెప్పీసినాను" అంది పోలమ్మ సంతోషంగా. "రాయి కనబడితే ఏం బాగుంటాది?"

రోలు దగ్గరికి పరుగెత్తాను. ఒక్కడినే ఎత్తలేకపోయాను. గంగులు వీధి చివర నిలబడి ఉన్నాడు. ఎందుకు వచ్చాడో తెలియదు. పిలిచాను. కదలలేదు.

ఆరు గంటల అయిదు నిమిషాలకు మొదటి మూత లేచింది.

వివరం రాయను. నలభై మూతలు వరసగా, ఈ కొసనుంచి ఆ కొసకు, వంటింట్లో గిన్నెలు పడ్డట్టు చప్పుడు చేస్తూ లేచాయి. ముగ్గులు పోయాయి. వీధిలో చీలమండ లోతున ఊరి తెల్లవారుజాము పారింది. ఎవరూ కేకలు వెయ్యలేదు. ఆడవాళ్ళు పిల్లలను, బియ్యం డబ్బాలను మంచాలమీదికి ఎక్కించారు. ఆ వరస చూస్తే తెలిసింది, ఎన్నిసార్లు చేసి ఉంటారో.

ఇంద్రాణిగారి చెప్పు ఒకటి కొట్టుకుపోయింది. ఆవిడ చీర మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని నిలబడిపోయారు. కాఫీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది.

"మంచమెక్కండమ్మా, మంచమెక్కండి" అంది పోలమ్మ. "దుప్పటి పాడవుతాదని సూడకండి."

ఎక్కారు. మంచం మీదినుంచే అడిగారు. "రోజూ ఇంతేనా?"

"రోజూ ఇంత నేదు. రాళ్ళుంటాయి కదా. శనివారం ఐతే అసలే నేదు."

గంగులు అప్పుడు వచ్చాడు. పంచె ఎగగట్టుకుని, నన్ను చూడకుండా, రోలు రెండో వైపు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి మూతమీద పెట్టాం. తర్వాత రెండో ఇంటికి వెళ్ళాం. నలభయ్యో ఇంటికి చేరేసరికి ఏడున్నర.

831వ చుట్టు, 9వ రోజు, శనివారం

ఉదయాన్నే కొత్త ఫారం వచ్చింది. తేదీ పక్కన వారం గడి గీయించారు. ఇంకా సిరా ఆరలేదు. మంగళవారం, అరవై ఎనిమిది అంగుళాలు అని రాశాను. కొత్త ఇళ్ళకు ఖాళీ: లేదు. ఉన్న ఇళ్ళకు ఖాళీ: లేదు. సంతకం పెట్టాను. ఇంద్రాణిగారు కళ్ళారా చూసింది చెబితే సభ నిన్న రాత్రే ఒప్పుకుంది. రెండో గొట్టం వేసిన తర్వాతే ఎగువ అంచు. రెండేళ్ళన్నారు. మూడు అనుకోవాలి.

ఏడింటికి దిగాం. పదకొండు అంగుళాలు. గంగులు కుంకుమ పొట్లం తీసి, గీతను చూసి ఆగిపోయాడు.

"ఆరుగురు పోనారన్నదైనా నిజవేనా?"

"నిజమే. నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయో ఎవరూ కొలవలేదు."

ఆ ఆరుగురూ దిగిన ఇనుప మెట్టుకు బొట్టు పెట్టాడు. టోపీ తీసి చెమట తుడుచుకున్నప్పుడు చూశాను. 412 అలాగే ఉంది.

పైకి వచ్చాక నా గది కొలిచాను. పన్నెండడుగులు, పదడుగులు. నాలుగు చాపలు పరిచి చూశాను. పట్టాయి, తలుపు కూడా తెరుచుకుంది. పంపుల షెడ్డులో గంగులు పడుకునే అర ఆరడుగులు. నాకు చాలు. గదిని అతని పేరుమీదికి మార్చమని కాగితం రాశాను. ఇంకా ఇవ్వలేదు.

ఇచ్చేముందు అడగాల్సిన మనిషి ఒకరున్నారు. పల్లం వీధికి వెళ్ళాను. పోలమ్మ మనవరాలు గుమ్మంలో కూర్చుని ఉంది. విరేచనాలు తగ్గాయట, ముఖం ఇంకా పాలిపోయి ఉంది. సంగతి చెప్పాను. గొట్టానికి ముగ్గురు పెరుగుతారని, అది ఆవిడ మూత కిందికే వస్తుందని చెప్పాను.

"ముగ్గురేనా?"

"ముగ్గురే. తల్లి, ఇద్దరు ఆడపిల్లలు."

పోలమ్మ గోడవార రోలు వైపు చూసింది. "రానీ. ముగ్గురికి ఆగుతాది."

లోపలినుంచి కాఫీ తెచ్చింది. వట్టివేరు వాసన గుప్పుమంది. తాగాను. చివరిదాకా తాగాను. రేపు ఆదివారం కదా, రోలు మూతమీదికి చేర్చాలంది. చెరో వైపు పట్టాం.